కాపరిలో దీనత్వాన్ని ఎక్కడ వెదకాలి?

ఎంపిక బృందం సభ్యుడు (చర్చ ప్రారంభం)

అందరికీ ప్రభువు నామమున వందనాలు. చాలా ఏళ్లుగా మా సంఘాన్ని కాసిన అయ్యగారు వయసు రీత్యా బాధ్యతల నుంచి తప్పుకుంటున్నారు. కొత్త కాపరిని (పాస్టరును) వెదికే పనిని సంఘం ఐదుగురికి అప్పగించింది, వారిలో నేనొకణ్ణి. ఇప్పటికి ముగ్గురి ప్రసంగాలు విన్నాము, ముగ్గురితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడాము. ముగ్గురూ వాక్యం బాగా తెలిసినవారే. "నాలో ఏ యోగ్యతా లేదు, అంతా దేవుని కృప" అని ముగ్గురూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు. ఆ మాటను నేను అనుమానించడం లేదు. అయితే ఆ రాత్రి నా నోటు పుస్తకం తెరిచి చూస్తే మూడు పేర్ల కిందా "దీనుడు", అంటే వినయం గలవాడు, అనే రాసి ఉంది. ఏ ఆధారంతో అలా రాశానో నాకే తెలియలేదు.

బైబిల్లో పౌలు రాసిన మొదటి తిమోతి పత్రిక మూడవ అధ్యాయాన్నీ, తీతు పత్రిక మొదటి అధ్యాయాన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాము. అధ్యక్షునిలో, అంటే సంఘాన్ని నడిపించేవానిలో, ఉండాలని పౌలు చెప్పినవాటిలో బోధించే సామర్థ్యం ఒక్కటే పనితనానికి సంబంధించినది. మిగిలినవి దాదాపు అన్నీ నడవడికకు సంబంధించినవి. ప్రసంగం ఎలా ఉందో ఒక గంటలో తెలుస్తుంది, నడవడిక గంటలో తెలియదు. మాటలో వినిపించే దీనత్వాన్ని పక్కన పెడితే, అది ఇంకెక్కడ కనిపిస్తుంది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత కాపరి

సహోదరుడా, మీ ప్రశ్న చదవగానే నా పరిచర్య తొలి సంవత్సరాలు కళ్ల ముందు మెదిలాయి.

యేసు తన శిష్యుల పాదాలు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయాన్ని మనం పదే పదే బోధిస్తాము. తువాలు, పళ్లెము, నీళ్లు, శిష్యుల పాదాలు మనకు గుర్తుంటాయి. మూడవ వచనం మాత్రం దాటిపోతుంది. తండ్రి తనకు సమస్తమును అప్పగించాడనీ, తాను దేవుని యొద్దనుంచి వచ్చి దేవుని యొద్దకే వెళ్తున్నాడనీ ఎరిగినవాడై యేసు భోజనపంక్తిలో నుంచి లేచాడని ఆ వచనం చెబుతుంది. తానెవరో తనకు తెలుసు కనుక, వంగితే తనకేదో తగ్గిపోతుందన్న భయం ఆయనకు లేదు. ఆ రాత్రి, తనను శత్రువులకు అప్పగించబోతున్న యూదా పాదాలు కూడా ఆయన చేతుల్లోకి వచ్చాయి. యూదా బయటికి వెళ్లిపోయింది ఆ తర్వాతే.

నాకు ఆ నిబ్బరం లేదు. ఒక ఆదివారం నేను మీకా గ్రంథంలోని మాటను ఆమోసు చెప్పినట్లుగా ప్రసంగించాను. ఆరాధన ముగిశాక ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు ఒకామె, చుట్టూ ఎవరూ లేని సమయం చూసి, ఎంతో మర్యాదగా ఆ సంగతి చెప్పింది. నేను "చూస్తానమ్మా" అన్నాను, కానీ లోపల మండిపోయాను. మూడు వారాలు ఆమెకు నేను ముభావంగానే వందనం చెప్పాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే ముందుగా వచ్చి పిల్లల తరగతి బల్లలు సర్దుతూనే ఉంది. నాలుగవ ఆదివారం వేదిక మీద నిలబడి, "పోయిన నెల నేను మీకా మాటను ఆమోసు మాటగా చెప్పాను, నన్ను సరిదిద్దిన సహోదరికి కృతజ్ఞతలు" అన్నాను. ఆ ఒక్క వాక్యం పలకడానికి నాకు అన్ని వారాలు పట్టింది. ఆ రోజుల్లో ఎవరైనా నన్ను కలిసి మాట్లాడి ఉంటే, నేను కూడా "నాలో ఏ యోగ్యతా లేదు" అనే చెప్పి ఉండేవాణ్ణి, ఆ మాటను మనస్ఫూర్తిగా నమ్మి ఉండేవాణ్ణి కూడా.

కాబట్టి మీరు కలిసే ప్రతి కాపరినీ, ఆయనను ఇటీవల సరిదిద్దింది ఎవరో, ఆ తర్వాత వారిద్దరి మధ్య ఏమి జరిగిందో అడగండి. గుర్తు లేదంటే, ఆయన దగ్గరికి వెళ్లి చెప్పే ధైర్యం ఎవరికీ లేదేమో తెలుసుకోండి. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట ముఖాముఖిగా ఎదిరించాడని గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో చదువుతాము. పేతురు రెండవ పత్రిక చివరి అధ్యాయంలో అదే పౌలు "మన ప్రియ సహోదరుడు" అయ్యాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు పేతురు మీద గౌరవం పెరుగుతుంది.

సంఘ కోశాధికారి

అయ్యగారు చెప్పినదానికి నేను డబ్బు సంగతి చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే నా పరిచర్య అంతా కానుకల లెక్క దగ్గరే గడిచింది.

మా సంఘానికి నేను కోశాధికారిగా వచ్చిన కొత్తలో ఉన్న కాపరి, కానుక సంచులు గదిలోకి రాగానే తాను బయటికి వెళ్లిపోయేవారు. ఇద్దరు పెద్దలు, ఒక పరిచారకుడు లెక్కపెట్టి, ముగ్గురూ సంతకాలు చేశాకే ఆయన లోపలికి వచ్చేవారు. ఒకసారి వేరే ప్రాంతానికి తరలిపోతున్న కుటుంబం ఒకటి, గుమ్మం దగ్గర ఆయన చేతిలో కవరు పెట్టి "ఇది మీకే అయ్యగారూ" అన్నారు. ఆయన దాన్ని చించకుండానే తెచ్చి మా బల్ల మీద పెట్టి, "ఇది నాకు వచ్చిందని పుస్తకంలో రాయండి, ఎంతో కూడా రాయండి" అన్నారు. ఆ సొమ్ము ఆయనదే, ఆయనే తీసుకున్నారు, అందులో తప్పేమీ లేదు. తనకు వచ్చినది ముగ్గురికి తెలిసి ఉండాలన్నదే ఆయన పట్టుదల. అప్పట్లో నాకు అది అతిజాగ్రత్త అనిపించింది.

తర్వాత రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయాన్ని నిదానంగా చదివినప్పుడు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో అర్థమైంది. యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం సంఘాలు పోగుచేసిన చందా విషయంలో పౌలు తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపుతున్నాడు. ఒకరు సంఘాలన్నిటిలో మంచి పేరున్నవారు, ఆ ప్రయాణం కోసం సంఘాలే ఏర్పరచినవారు; మరొకరు అనేక విషయాల్లో పరీక్షకు నిలిచినవారు. ఈ విస్తారమైన ధర్మం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామనీ, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనవాటినే తలపెడుతున్నామనీ ఆయనే కారణం చెప్పాడు. "నా హృదయం దేవునికి తెలుసు, అది చాలు" అనడానికి పౌలుకంటే ఎక్కువ హక్కు ఎవరికుంటుంది? అయినా ఆయన ఆ మాట అనలేదు.

సమూయేలు ప్రవక్త ముసలితనంలో ప్రజల ముందు నిలబడి, తాను ఎవరి ఎద్దునైనా, ఎవరి గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడిగిన సందర్భం కూడా ఇలాంటిదే. అడగడానికి ప్రజలకు అవకాశమిచ్చి, వారి జవాబు కోసం నిలబడ్డాడు. మీరు చూస్తున్న ముగ్గురూ ఇదివరకు పనిచేసిన సంఘాల కోశాధికారులతో ఒకసారి మాట్లాడమని నా విన్నపం.

ఉపవాస ప్రార్థన సహోదరి

పెద్దలందరికీ వందనాలు. ఇప్పటివరకు వచ్చిన మాటల్లో నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి. కానీ చదువుతున్నకొద్దీ నాకు కొంచెం భయంగా ఉంది. దేవుని సేవకుణ్ణి మనం నేరం చేసినవాణ్ణి విచారించినట్లు విచారిస్తున్నామా? "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని కీర్తనలో ఉంది కదా. అభిషిక్తుడైన సౌలు రాజు ఎంత తప్పిపోయినా, అతను తరుముతున్న దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. నాయకులు దుఃఖముతో కాక ఆనందముతో తమ పని చేసేలా వారి మాట వినమని హెబ్రీ పత్రిక కూడా చెబుతుంది. నిష్కారణమైన అనుమానాలతో కుంగిపోయి, కుటుంబంతో సహా పరిచర్యే విడిచి వెళ్లిపోయిన ఒక కాపరిని నేను దగ్గరగా చూశాను. ఆయన భార్య నా దగ్గర ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకే అడుగుతున్నాను, కోపగించుకోవద్దు.

వాక్య విద్యార్థి

అమ్మా, మీ భయం సరైనదే, ఆ కుటుంబం కోసం నాకూ బాధగా ఉంది. కానీ మీరు ఉదహరించిన వచనాన్ని దాని చోట ఉంచి చూద్దాము.

అది 105వ కీర్తన. కొద్దిమందిగా, పరదేశులుగా ఒక జనము నుంచి మరొక జనానికి తిరుగుతున్న పితరులను దేవుడు కాపాడి, వారికి కీడు చేయవద్దని రాజులను గద్దించిన సందర్భం అక్కడ ఉంది. బలవంతుల చేతి నుంచి బలహీనులను కాపాడిన మాట అది. దానిని తీసుకువచ్చి, అధికారం ఉన్నవారిని ప్రశ్నించకుండా అధికారం లేనివారి నోరు మూయించడానికి వాడితే, ఆ మాటను తలకిందులు చేసినట్లవుతుంది. పైగా, పరిశుద్ధునివలన అభిషేకము పొందినవారని మొదటి యోహాను పత్రిక విశ్వాసులందరి గురించీ చెబుతుంది.

దావీదు సంగతి కూడా పూర్తిగా చదవాలి. గుహలో సౌలు మీద చెయ్యి వేయలేదు, నిజమే. అయితే సౌలు బయటికి వెళ్లిన తర్వాత దావీదు వెనుక నుంచి కేకవేసి, గుహలో తాను కోసిన సౌలు వస్త్రపు చెంగును చూపించి, నీవు నాకు అన్యాయం చేస్తున్నావని అందరికీ వినబడేలా చెప్పాడు. తీర్పును మాత్రం యెహోవాకు విడిచిపెట్టాడు. చంపకపోవడం, నిజం చెప్పడం రెండూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. తర్వాత ఆ దావీదే అభిషిక్తుడైన రాజుగా ఉండగా, నాతాను ప్రవక్త వచ్చి అతని పాపాన్ని ఎత్తి చూపి "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు, దావీదు అభిషేకాన్ని అడ్డం పెట్టుకోలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు.

మీరు చూసిన కాపరికి జరిగిన అన్యాయానికి కూడా వాక్యంలో అడ్డుకట్ట ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే గాని పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దని మొదటి తిమోతి 5:19 చెబుతుంది. ఆ వెంటనే 20వ వచనంలో, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమని ఉంది. మొదటి వచనం కాపరిని పుకార్ల నుంచి కాపాడుతుంది, రెండవది సంఘాన్ని కాపరి తప్పుల నుంచి కాపాడుతుంది. చాలా సంఘాల్లో ఈ రెండింటిలో ఏదో ఒకటే వినిపిస్తుంది.

వెనుక వరుసలో కూర్చునే సహోదరి

నేను ఇక్కడ చదవడమే గాని రాయడం తక్కువ. ఈ చర్చలో ఒక సంగతి ఇంకా రాలేదు కనుక రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో జరిగిన ఒక విషయం గురించి, ఎవరికీ చెప్పుకోలేక, అప్పటి కాపరి గారికి చెప్పి ప్రార్థన చేయమన్నాను. రెండు వారాల తర్వాత ప్రసంగంలో ఆయన "మన మధ్యనే ఉన్న ఒక సహోదరి" అంటూ మొదలుపెట్టారు. పేరు చెప్పలేదు. కానీ మా అబ్బాయి చదువు, నా భర్త ఉద్యోగం ప్రస్తావనకు వచ్చేసరికి, నా ముందు వరుసలోనివారు ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పడం నేను చూశాను. నా పక్కన కూర్చున్న మా అబ్బాయి మాత్రం తల ఎత్తలేదు, చేతిలోని పాటల పుస్తకం అట్ట మూలను గోటితో గీకుతూ ఉండిపోయాడు. ఆ ప్రసంగాన్ని అందరూ మెచ్చుకున్నారు. మావాడు ఆ తర్వాత చాలా కాలం ఆరాధనకు రాలేదు.

ఆయన చెడ్డవారని నేను అనను. తెల్లవారుజామున లేచి మా అందరి కోసం ప్రార్థించే మనిషి ఆయన. తర్వాత నేను వెళ్లి బాధ చెప్పుకుంటే, "దానివల్ల ఎంతమంది ఆదరణ పొందారో తెలుసా అమ్మా" అన్నారు. నా బాధ ఆయనకు మంచి ఉదాహరణగా కనిపించింది. నమ్మకస్థుడంటే వాక్యం విషయంలో, డబ్బు విషయంలో మాత్రమే కాదు, తన చెవిన పడిన మాట విషయంలోనూ నమ్మకస్థుడై ఉండాలని దయచేసి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

యువ కాపరి

సహోదరి రాసినది చదివి, ఒక రోజంతా ఆగి ఇది రాస్తున్నాను. నేనూ అదే పని చేశాను. నేను చెప్పినది వేరొకరి సంగతి, పరిస్థితి కూడా వేరు, కానీ తప్పు అదే. పేరు చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు సిద్ధపడే సమయం దొరకలేదు, ప్రసంగానికి ఏదో ఒకటి కదిలించేది కావాలి, అది నా చేతికి అందింది.

నిన్న సాయంత్రం ఆ సహోదరుడి ఇంటికి వెళ్లాను. ఇప్పటికి రెండేళ్లు గడిచిపోయాయి. ఆయన తలుపు తీసి, నేను విషయం చెప్పగానే, "అయితే మీకు గుర్తుంది అన్నమాట" అన్నారు, అంతే. లోపలికి రమ్మనలేదు. క్షమించానని కూడా అనలేదు, అనాలని అడిగే అర్హత నాకు లేదు. గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి తిరిగి వచ్చాను. ఈ ఆదివారం, ఆయన పేరు గాని వివరాలు గాని ఎత్తకుండా, నాతో ఏకాంతంగా చెప్పిన సంగతిని వేదిక మీద వాడుకోవడం నా తప్పని, ఇక ముందు అనుమతి లేకుండా ఎవరి జీవితమూ నా ప్రసంగంలోకి రాదని సంఘానికి చెప్పాలనుకుంటున్నాను. అది కూడా ఆయనకు మళ్లీ గాయం చేస్తుందేమోనని సందేహంగా ఉంది. పెద్దలు సలహా ఇవ్వండి.

విశ్రాంత కాపరి

తమ్ముడూ, ముందు ఆయనను అడుగు. ఆయన వద్దంటే వేదిక మీద చెప్పకు. మీ సంఘ పెద్దలకు మాత్రం చెప్పి, ఇక మీదట నిన్ను గమనిస్తూ ఉండమని కోరు. ఒప్పుకోలు నీ మనసు తేలికపడడానికి కాదు, ఆయనకు మేలు కలగడానికి. ఆయన గుమ్మం దగ్గరే నిలబెట్టినా నీవు నిలబడ్డావు. మరికొన్నాళ్లు అలాగే నిలబడవలసి రావచ్చు.

ఇంకొక సంగతి ఈ చర్చలో మరుగున పడకూడదు. దీనత్వమంటే ఎవరినీ నొప్పించకుండా మెత్తగా ఉండడమని కొందరు అనుకుంటారు. సమూయేలు కాలంలో యాజకుడైన ఏలీ మెత్తనివాడే. కొడుకులు బలిమాంసం విషయంలో ప్రజలను దోచుకుంటున్నారనీ, ప్రత్యక్షపు గుడారము ద్వారము దగ్గర సేవించే స్త్రీలతో తప్పు చేస్తున్నారనీ విని, ఎందుకిలా చేస్తున్నారని అడిగాడు కూడా. అడిగాడు గాని ఆపలేదు. దేవునికంటే కొడుకులను ఎక్కువగా గౌరవించావన్నదే అతని మీద వచ్చిన తీర్పు. వెనుక వరుసలో కూర్చునే మన సహోదరి లాంటివారు వచ్చి చెప్పినప్పుడు, "పోనీలే, సర్దుకుపోదాం" అనే పెద్దలు దీనులు కారు. తమకు ఇబ్బంది రాకుండా చూసుకుంటున్నవారు.

మిలేతులో పౌలు ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పిన సందర్భం అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. మూడేళ్లపాటు రాత్రింబగళ్లు కన్నీళ్లు విడుస్తూ ప్రతి ఒక్కరికీ బుద్ధి చెప్పానంటాడు. ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనూ ఆశించలేదనీ, ఈ చేతులతోనే పని చేసుకున్నాననీ అంటాడు. బుద్ధి చెప్పినవాడూ ఆయనే, కన్నీళ్లు పెట్టినవాడూ ఆయనే. ఆ పెద్దలకు మొదట "మిమ్మును గూర్చి" జాగ్రత్తగా ఉండమన్నాడు, ఆ తర్వాతే మంద గురించి చెప్పాడు. తోడేళ్లు బయట నుంచి వస్తాయని చెప్పి ఊరుకోలేదు, మీలో నుంచి కూడా కొందరు బయలుదేరతారన్నాడు. ఎదురుగా కూర్చున్నవారి ముఖాలు చూస్తూ ఆ మాట చెప్పడం తేలిక కాదు.

వాక్య విద్యార్థి

బిరుదుల గురించి చిన్న మాట. 590 నుంచి 604 వరకు రోములో పోపుగా ఉన్న మొదటి గ్రెగొరీ, తనను తాను "దేవుని సేవకులకు సేవకుడు" అని రాసుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో అది పోపుల అధికారిక బిరుదులలో ఒకటిగా స్థిరపడింది. అంతటి మాట కూడా పత్రాల మీది బిరుదుగా మారగలిగింది. గ్రెగొరీకి సుమారు రెండు వందల ఏళ్ల ముందు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో అధ్యక్షుడిగా (బిషప్పుగా) ఉన్న అగస్టీను తన సంఘంతో, మీ కొరకు నేను అధ్యక్షుణ్ణి, మీతో కూడా నేను క్రైస్తవుణ్ణి అన్నాడు; మొదటిది తనకు భయం పుట్టిస్తుందనీ, రెండవదే తనకు ఆదరణ అనీ చెప్పాడు. "మీతో కూడా" అన్న మాట నాకు ఎంతో ఇష్టం. కాపరి కూడా గొఱ్ఱెలలో ఒకడేనని అది గుర్తు చేస్తుంది.

ఉపవాస ప్రార్థన సహోదరి

అందరికీ కృతజ్ఞతలు. నేను చూసిన ఆ కాపరి విషయంలో ఇద్దరు సాక్షుల మాట ఎవరైనా పాటించి ఉంటే ఆ కుటుంబం నిలబడి ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. వెనుక వరుసలో కూర్చునే సహోదరీ, మీ అబ్బాయి పేరు నాకు తెలియదు, చెప్పవద్దు కూడా. రేపటి ప్రార్థనలో పేరు లేకుండానే అతని కోసం ప్రార్థిస్తాను, ఎవరి కోసమో ఎవరికీ చెప్పను.

ఎంపిక బృందం సభ్యుడు

మీ మాటలన్నీ మిగిలిన నలుగురికీ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడుకున్నాము. పాత సంఘాల కోశాధికారులతో మాట్లాడే పని ఒక పెద్దకు అప్పగించాము. అయితే అలా మాట్లాడబోతున్నామని ముందుగా ఆ ముగ్గురికీ చెబుతాము, వారి వెనుక చాటుగా ఏదీ చేయము. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేని ఏ ఆరోపణనూ వినకూడదని కూడా రాసుకున్నాము.

ఈ ఉదయం మొదటి కాపరి గారికి ఫోన్ చేసి, ఆయనను ఈ మధ్య ఎవరు సరిదిద్దారో, ఆ తర్వాత ఏమి జరిగిందో అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదండీ. పోయిన నెల నా భార్య ఒక సంగతి చెప్పింది, నేను ఇంకా ఆమెకు జవాబివ్వలేదు. ముందు ఆమెతో మాట్లాడి మీకు ఫోన్ చేయవచ్చా?" అన్నారు. చేయమన్నాను. నోటు పుస్తకంలో మూడు పేర్ల కిందా ఉన్న పదాన్ని కొట్టివేసి, ఆయన పేరు కింద ఈ సంభాషణను ఉన్నది ఉన్నట్లుగా రాసుకున్నాను.